పెదనాన్న జాకీ దాచిన చోట్లు

రెండో పీరియడ్ మధ్యలో నాన్న ఫోన్ చేశాడు. నేను బడిలో ఉండే వేళ ఆయన ఎప్పుడూ ఫోన్ చేయడు. వరండాలోకి వచ్చి ఎత్తేసరికి, "అన్న పోయాడమ్మా" అన్నాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో మంచం బయట వేయమని అరుస్తున్నారు. తెల్లవారి లేచి లారీ కడిగి, చద్దన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న పెదనాన్న మళ్లీ లేవలేదట. టీ ఇద్దామని పెద్దమ్మ భుజం పట్టుకుంటే ఒళ్లు చల్లగా తగిలిందట.

పోయిన మనిషి గురించి రాసేటప్పుడు మంచి మాటతో మొదలుపెట్టాలంటారు. నేను చాలాసార్లు ప్రయత్నించాను. కానీ పెదనాన్నను తలుచుకోగానే నాకు ముందు వచ్చేది విసుగు. ఏడుపు దాని వెనకాల వస్తుంది. ఆ విసుగు ఎక్కడిదో చెప్పకుండా ఆయన ఎలాంటి మనిషో మీకు చెప్పలేను. అందుకే దాంతోనే మొదలుపెడుతున్నాను, క్షమించండి.

మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. నాన్నా పెదనాన్నా ఇద్దరూ బడి మొహం సరిగా చూడలేదు. మీసాలు రాకముందే లారీల మీద క్లీనర్లుగా ఎక్కారు. తర్వాత డ్రైవర్లయ్యారు. చివరికి పెదనాన్న ఒక పాత లారీ సొంతానికి కొన్నాడు, నాన్న దానికి రెండో డ్రైవరు. దాచేపల్లి వైపు నాపరాళ్లు ఎత్తుకుని, ఇళ్లు కట్టుకునేవాళ్లకు ఊరూరా దించి రావడం వాళ్ల పని. పెదనాన్నకు పిల్లలు లేరు. ఆయన ప్రేమా కోపం చాదస్తం అన్నీ ఆ లారీకి సగం, నాకు సగం వచ్చాయి.

ఆ లారీ మా చేతికి వచ్చేసరికే చాలా చేతులు మారింది. కొత్తలో డ్రైవరు సీటు వెనక జాకీ నిలబెట్టడానికి ఒక ఇనప పట్టీ ఉండేదట. మధ్యలో ఎవరో బాడీ షెడ్డులో క్యాబిన్ మళ్లీ కట్టించి, అక్కడ పడుకోవడానికి చెక్క బల్ల వేయించారు. పట్టీ పోయింది. జాకీకి చోటు లేకుండా పోయింది. బల్ల మీద పడేద్దామంటే పెదనాన్న ఒప్పుకునేవాడు కాదు.

"జాకీ నిలబడే ఉండాల. పండుకుంటే నూనె కక్కుద్ది. అవసరానికి లెగవదు" అనేవాడు.

కొన్నాళ్లు బాడీ కింద ఉన్న ఇనప పెట్టెలో పెట్టాడు. ఒకరోజు పిడుగురాళ్లలో అన్నం తినొచ్చేసరికి పెట్టె మూత వంగి ఉంది, లోపల ఏమీ లేదు. జాకీ, చక్రాల నట్లు విప్పే పానా, జాకీ కొట్టే రాడ్డు, అన్నీ పోయాయి. అప్పటి నుంచి ఆయన ఆ సామాను ఒకచోట పెట్టలేదు. "అన్నీ ఒక్కచోట పెడితే ఒక్కసారే పోతయ్" అని ఒక్కోదాన్ని లారీలో ఒక్కోచోట దాచాడు. ఇనప పెట్టెకు మాత్రం కొత్త మూత వేయించి, అరచేయంత తాళం పెట్టాడు. దాంట్లో ఒక బండరాయి, తెగిన చెప్పు వేశాడు.

"దొంగోడు నానా తంటాలు పడి తాళం పగలగొట్టి, చెప్పు తీసి చూసుకుంటాడు చూడు, ఆ మొకం నేను చూడాల" అని ఒక్కడే చాలాసేపు నవ్వుకునేవాడు.

ఇంతవరకు ఫర్వాలేదు. ఎవరికైనా జాగ్రత్త ఉంటుంది. కానీ ఏది ఎక్కడ దాచాడో ఆయన ఇంకో ప్రాణికి చెప్పలేదు. సొంత తమ్ముడికి కూడా. దారిలో టైరు పంచరైతే లారీ పక్కకు ఆపి కిందికి దిగి, ముందు అనే మాట ఒకటే.

"అటు తిరగండి."

మేము లారీకి వీపు పెట్టి, పొలాల వైపు తిరిగి నిలబడాలి. వెనక ఆయన ఎక్కడెక్కడి నుంచో ఒక్కోటీ తీసి చక్రం దగ్గర పేర్చుకున్నాక, "ఆఁ, రండి" అనేవాడు. టైరు మార్చడం అయ్యాక మళ్లీ, "అటు తిరగండి." నాన్నకు నెత్తిన జుట్టు తెల్లబడుతున్నా ఆ మాట వినగానే బడిపిల్లాడిలా తిరిగి నిలబడేవాడు. నాకు ఒళ్లు మండేది. నాన్నను ఆయన ఒక్కణ్ణే ఎప్పుడూ లోడు మీద పంపలేదు. పంపితే సామాను చోట్లు చెప్పాలి కదా.

నన్ను డిగ్రీలో చేర్చడానికి నరసరావుపేట తీసుకెళ్లింది కూడా ఆ లారీలోనే. గ్రీజు మరకలు అంటకుండా సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. బయలుదేరే ముందు అలవాటు ప్రకారం అరచేయి స్టీరింగు మీద పెట్టి, కళ్లు తెరిచే ప్రార్థన చేశాడు. చిన్నప్పుడు ఒకసారి, కళ్లెందుకు మూసుకోవని అడిగాను. "మూసుకుంటే ప్రభువు కనపడతాడు, ముందు బండి కనపడదు" అన్నాడు.

సగం దారిలో టైరు పోయింది. నాకు ఆఫీసు మూసేస్తారేమోనని కంగారు. ఆయన తాపీగా దిగి, "అటు తిరగండి" అన్నాడు. నేనూ నాన్నా మిరప చేను వైపు తిరిగాం. ఆ రోజు నేను ఉండబట్టలేక అడిగేశాను.

"పెదనాన్నా, నేను నీ ఇంటి పిల్లనా, దొంగనా?"

"నువ్వు దొంగవి కాదమ్మే. నీ నోరు దొంగ. ఎవురన్నా నవ్వి అడిగితే చెప్పేస్తావు."

"మరి నాన్న?"

"ఆడు నవ్వకుండా అడిగినా చెప్పేస్తాడు."

నాన్న చేను చూస్తూనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "నేనైతే ఏది ఎక్కడుందో క్యాబిన్ లోపల రంగుతో రాసి పెడతాను. నీకు ఒంట్లో బాగోలేని రోజు నాన్నకైనా పనికొస్తుంది" అన్నాను.

"రాసి పెడితే దొంగకి మటుకు చదువు రాదా?" అన్నాడు వెనక నుంచి. చదువుకోవడానికి పోతున్న రోజునే చదువు మీద ఓడిపోయానని నాకు ఇంకా మండింది.

ఊళ్లోకి లారీ రానివ్వరని బైపాస్ మీద ఆపాడు. నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని హాస్టలు దాకా నడిచాడు. ముందు ఆయన, వెనక నేను, నా వెనక నాన్న. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, నూనె మసి చేతులు లుంగీకి తుడుచుకుంటూ, "మా అమ్మాయి. పంతులమ్మ అవుద్ది" అన్నాడు. అప్పటికి నేను ఇంకా ఏ కాగితం మీదా సంతకం కూడా పెట్టలేదు. వెళ్లేముందు జేబులోంచి రెండు తాళాలు తీసి ఇచ్చాడు. "ఒకటి అందరికీ కనపడేట్టు వెయ్యి. రెండోది కనపడకూడదు" అన్నాడు. కనపడని తాళం ట్రంకుపెట్టెకు ఎక్కడ వేయాలో నాకు తెలియలేదు. తర్వాతి ఆదివారం వచ్చి, పెట్టె వెనక బందుకు వైరు తొడిగి వేసి చూపించాడు. ఆ మూడేళ్లలో హాస్టల్లో సామాను పోనిది నాకొక్కదానికే. ఈరోజు నేను బళ్లో పాఠం చెబుతున్నానంటే దాని వెనక ఆ భుజం ఉంది. ఆ మాట ఆయనకు ఎప్పుడైనా చెబుదామంటే, ఏదో ఒక విసుగు అడ్డం వచ్చేది.

పెద్దమ్మకు నాకంటే ఎక్కువ అడ్డం వచ్చి ఉంటుంది. ఒకసారి మాచర్ల వైపు రాళ్లు దించి వస్తూ, ఆమె పోరగా పోరగా అందర్నీ ఎత్తిపోతల తీసుకెళ్లాడు. మేమంతా దిగాం. ఆయన దిగలేదు.

"రావయ్యా, ఇంత దూరం వచ్చి" అంది పెద్దమ్మ.

"నీళ్లు పైనించి కింద పడతన్నయ్యా?"

"పడతన్నయ్."

"పడనీ. నువ్వు చూసిరా. బండి కాడ ఎవురో ఒకరు ఉండాల."

"ఆ జాకీనే కట్టుకోవాల్సింది నువ్వు! నన్నెందుకు కట్టుకున్నావు?" అని పెద్దమ్మ అందరి ముందూ అరిచింది. మేము తిరిగి వచ్చేసరికి లారీ నీడలో టైర్లను రాడ్డుతో ఒక్కోటీ కొట్టి, చెవి పెట్టి వింటున్నాడు. ఆ జలపాతం ఎలా ఉందో ఆయన చనిపోయేదాకా చూడలేదు.

ఆయన పోయాక ఇంటి దగ్గర ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు వాక్యం చెప్పారు. వచ్చినవాళ్లు ఆయన మంచితనం చెప్పారు. అద్దెకు తెచ్చిన కుర్చీలు ఇంకా వెనక్కి పోకముందే, పాత లారీలు కొని ముక్కలు చేసే ఆయన వచ్చి, ఇంటి ముందు మా లారీ చుట్టూ తిరిగి చూసి వెళ్లాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ నాన్నను పిలిచింది.

"చిన్నోడా, నువ్వు తోల్తానంటే బండి ఉంటది. తోలనంటే ఇచ్చేద్దాం. అది ఇంటి ముందు ఊరికే నిలబడి ఉంటే నేను చూళ్లేను."

నాన్న తల వంచుకుని, "అన్న లేకుండా నేనేం తోల్తా వదినా" అన్నాడు. తోలనని మాత్రం అనలేదు. లారీ పోతే ఆయన ఈ వయసులో, ఈ నడుం నొప్పితో మళ్లీ ఇంకొకళ్ల బండి మీద కూలికి ఎక్కాలి. మాకు వేరే ఏమీ లేదు. పెద్దమ్మకు కూడా అంతే. చివరికి నేనే కల్పించుకున్నాను. శావల్యాపురంలో ఎవరో ఇల్లు కట్టుకుంటూ పెదనాన్నకు నాపరాళ్లు చెప్పి ఉన్నారు. ఆ ఒక్క లోడు దించి రమ్మన్నాను. దించి వస్తే లారీ ఉంచుకోవడం, లేకపోతే అమ్మేయడం. రెండో శనివారం సెలవు కాబట్టి నేనూ ఎక్కాను.

నరసరావుపేట దాటాక వెనక చక్రం పోయింది.

నాన్న లారీ పక్కకు ఆపాడు. దిగి చక్రం చూశాడు. తర్వాత కొంచెంసేపు ఎవరైనా ఏమైనా చెబుతారేమో అన్నట్టు నిలబడ్డాడు. వెతకడం మొదలుపెట్టాం. స్టెప్నీ టైరు బాడీ కింద గొలుసుతో వేలాడుతోంది, దాన్ని దాచలేడు కాబట్టి అది దొరికింది. జాకీ కింద వేసే చెక్క దిమ్మ క్యాబిన్‌లోనే కాళ్ల దగ్గర ఉంది, చెక్కను ఎవరూ ఎత్తుకుపోరని ఆయన నమ్మకం. మిగతావి లేవు. సీటు కింద లేవు. బల్ల కింద లేవు. ఇనప పెట్టె తాళం తీస్తే బండరాయీ తెగిన చెప్పూ ఉన్నాయి. ఆ చెప్పు చేతిలో పట్టుకుని నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"నాకేం తెలుసే? ఇన్నేళ్లు కాపరం చేశా, బీరువా తాళం యాడ పెడతాడో నాకు తెలీదు. లారీ సంగతి నాకు చెప్తాడా?" అని, "అన్నం తిన్నారా?" అని అడిగి పెట్టేసింది.

దారిన పోయే లారీ ఒకదాన్ని ఆపితే, ఆ డ్రైవరు చిన్నవాడు, "జాకీలు ఎవరు పెట్టుకుంటన్నారు బాబాయ్, ఫోన్ కొడితే పంచరువాడు వస్తాడు" అని వెళ్లిపోయాడు. ఫోన్ కొడితే ఆ పంచరువాడు సాయంత్రానికి గానీ రానన్నాడు. ఈలోపు ఇల్లు కట్టుకునే ఆయన ఫోను. "తాపీ మేస్త్రీలు ఊరికే కూర్చున్నారండి. మధ్యాన్నానికి రాకపోతే నేను వేరే చోట తెచ్చుకుంటా, మీరు వెనక్కి తిప్పుకోండి" అన్నాడు.

నాన్న రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డాడు. "ఇచ్చేద్దాం పాపా. నా వల్ల కాదు. ఆ పాత సామానాయనకి ఫోన్ చెయ్యి" అన్నాడు.

నాకు నాన్న మీద కోపం రాలేదు. పెదనాన్న మీద వచ్చింది. మట్టి ఇచ్చి నెల కూడా తిరగలేదు, అయినా వచ్చింది. మనిషి ఒక్క మాట చెప్పి పోతే ఏమయ్యేది? పక్కన కూర్చుని నోరు తెరిచి, ఫలానా చోట ఉంది రా అని తమ్ముడితో అనడానికి ఎంతసేపు పడుతుంది? అంత జాగ్రత్తగా దాచిన సామాను చివరికి దొంగలకూ దొరకలేదు, మాకూ దొరకలేదు. ఆ కసితో క్యాబిన్ తలుపు లాగి గట్టిగా వేశాను. లారీ అంతా అదిరింది.

నాన్న తల ఎత్తాడు.

"మళ్లీ వెయ్యి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ వేశాను. ఆయన గట్టు మీంచి లేచి, లారీకి వీపు పెట్టి, పొలం వైపు తిరిగి నిలబడ్డాడు. పెదనాన్న తిరగమన్నప్పుడు నిలబడినట్టే.

"అన్న సామాను సర్దేటప్పుడు, ఆ తలుపేశాక ఖాళీ కుండ కొట్టినట్టు ఒక చప్పుడొచ్చేది. నువ్వు అటూ ఇటూ తట్టుకుంటా రా. నేను చెప్తా."

నేను ఒక రాయి తీసుకుని క్యాబిన్ దగ్గర మొదలుపెట్టి ఒక్కోటీ తడుతూ వెళ్లాను. డీజిలు ట్యాంకు. "కాదు." పక్క చెక్కలు. "కాదు, అది గట్టిగా ఉంది." వెనక చక్రం ముందు, బాడీకి కట్టిన నీలం ప్లాస్టిక్కు డ్రమ్ము ఉంది. మూత మీద తడి ఆరిన గోనెపట్టా కప్పి ఉంటుంది. అది వంటకు నీళ్లు పట్టుకునే డ్రమ్మని నేను చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను. దాన్ని వదిలి ముందుకు పోబోయాను.

"దాన్నెందుకు వదిలావు?" అన్నాడు నాన్న, తిరగకుండానే.

"ఇది నీళ్లది నాన్నా."

"తట్టు."

తట్టాను.

"అదే."

గోనెపట్టా తీసి మూత తిప్పితే, లోపల పాత గుడ్డల మధ్య జాకీ నిటారుగా నిలబడి ఉంది. ఒక్క చుక్క నూనె కారలేదు.

పానా కొంచెం తొందరగానే దొరికింది. "అది పెట్టేటప్పుడు తలుపుకి గడియ పెట్టినట్టుండేది. చెక్క మీద జారి ఇనుముకి తగిలేది" అన్నాడు నాన్న. బాడీ చెక్కలకూ వాటి కింది ఇనప దూలానికీ మధ్య సందులో చేయి పెట్టి లాగితే వచ్చింది. ఇక రాడ్డు మిగిలింది. అది లేకపోతే జాకీ లేవదు. నేను రాయితో లారీ చుట్టూ రెండుసార్లు తట్టి వచ్చాను. నాన్న ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు.

"రాడ్డుకి చప్పుడు రాదు పాపా. అది పెట్టేటప్పుడు ఆయన దగ్గేవాడు."

"దగ్గడమేంది?"

"మాకు వినపడకుండా. అబద్ధం దగ్గు. రెండుసార్లు దగ్గితే రాడ్డు లోపలికి పోయినట్టు."

దగ్గును పట్టుకుని రాడ్డు ఎలా వెతుకుతామని నేను నుదురు కొట్టుకున్నాను. నాన్న మాత్రం కదలకుండా కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడో విన్న దగ్గును మళ్లీ వినడానికి ప్రయత్నిస్తున్నాడని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది. చాలాసేపటికి ఎడమ చేయి వెనక్కి పెట్టి, లారీ తోక వైపు చూపించాడు.

"అక్కణ్ణించి వచ్చేది. కిందనించి. పండుకుని దగ్గినట్టు."

చున్నీ నడుముకు చుట్టుకుని లారీ కింద దూరాను. తోక దగ్గర దూలం లోపలి వైపు, దూలంలో భాగమే అన్నట్టు మట్టి కొట్టుకుని ఒక పొడుగాటి మూట ఉంది. రబ్బరు ట్యూబు ముక్కలతో కట్టాడు. విప్పితే పెద్దమ్మ పాత చీర పేలికలో చుట్టిన రాడ్డు. చప్పుడు కాకుండా చుట్టినవాడు మళ్లీ దగ్గడం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాన్న నట్లు వదులు చేసి, చెక్క దిమ్మ వేసి, దాని మీద జాకీ నిలబెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. రాళ్ల బరువుతో లారీ కొంచెం కొంచెంగా లేచింది. ఆయన చేతులకు పని దొరకడంతో మాట కూడా వచ్చింది. అప్పుడు అడిగాను, మనల్ని ఎందుకు అలా తిప్పేవాడని. నేను దొంగతనం భయమనే అంటాడనుకున్నాను.

"మేము ఓనరు కింద చేసేటప్పుడు ఒకసారి ఇట్టాగే జాకీ, పానా పోయినయ్. ఆ పూట బండి కాడ ఉంది నేను. సామాను యాడుందో నాకు తెలుసు కాబట్టి నేనే అమ్ముకున్నానన్నాడు ఓనరు. నలుగురిలో చొక్కా ఇప్పించి కొట్టాడు. అన్న ఆయన కాళ్లు పట్టుకుని తీసుకొచ్చాడు నన్ను." నాన్న రాడ్డు కొట్టడం ఆపలేదు. "ఆ రోజే అన్నాడు, తెలీనోణ్ణి ఎవుడూ అడగడు రా అని. మన బండి పెట్టెలోవి కూడా పోయినాక ఇక నాకు ఎప్పుడూ తెలియనియ్యలా."

"మరి ఈ బండి మనదే కదా నాన్నా. ఇప్పుడు ఎవరు అడుగుతారు?"

"ఎవుడూ అడగడు. ఆయనకి ఆ భయం పోలా."

చాలామంది ఇలాంటి చోట, అప్పుడు నా కోపమంతా కరిగిపోయింది అని రాస్తారు. నాకు కరగలేదు. పెదనాన్న నాన్నను దొంగ అనుకోలేదని తెలిసింది, అందుకు ఊపిరి తేలికైంది. కానీ తమ్ముడి మీద నింద పడకూడదని ఆయన పట్టిన పట్టు వల్ల ఆ తమ్ముడు తన సొంత లారీ పక్కన దిక్కులేనివాడిలా కూర్చోవాల్సి వచ్చింది. నింద వేసే ఓనరు పోయి ఎన్నో ఏళ్లయింది. ఆయన ముందు వంగిన నడుం మాత్రం మా ఇంట్లో ఇంకా వంగే ఉంది. ఆ సంగతి పెదనాన్నతో పోట్లాడి చెప్పాలని ఉంది. ఎదురుగా మనిషి లేడు.

టైరు బిగించాక సామాను సర్దే వేళ వచ్చింది. అన్నీ కలిపి బల్ల కింద ఒక సంచిలో పెట్టమన్నాను. నాన్న విన్నాడు. తర్వాత జాకీని డ్రమ్ములో నిలబెట్టాడు. పానాను సందులోకి తోశాడు. రాడ్డును చీర పేలికలో చుట్టి లారీ కిందకు దూరాడు. నన్ను తిరగమనలేదు. చూడమనీ అనలేదు. నేను మాత్రం కన్నార్పకుండా అన్నీ చూశాను.

శావల్యాపురం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మేస్త్రీలు అన్నాలు తిని వేపచెట్టు కింద పడుకున్నారు.

"ఏందయ్యా, రాళ్లు ఇప్పుడా తెచ్చేది?" అన్నాడు ఇంటాయన.

"పంచరండి."

"ఆ పెద్దాయన వస్తే ఇంత లేటు అయ్యేది కాదు. ఆయన రాలేదే?"

నాన్న తాళ్లు విప్పుతూ, "ఆయన పోయాడండి. ఇక నుంచి నేనే వస్తా" అన్నాడు. అంత పెద్ద మాట అన్నట్టు ఆయనకు తెలిసినట్టు లేదు. బాడీ తలుపు దించి, మొదటి రాయి భుజానికి ఎత్తుకున్నాడు.

సోమవారం పొద్దున్నే దాచేపల్లి వెళ్లడానికి నాన్న లారీ ఎక్కాడు. పెదనాన్న పొడగరి. ఆయన కూర్చుని కూర్చుని ఆ సీటు లోతుగా దిగిపోయింది. నాన్న పొట్టి, శనివారం సీటు అంచు మీద కూర్చుని తోలాడు. గడప దగ్గర నిలబడి చూస్తే అద్దంలోంచి మాకు స్టీరింగు, దాన్ని పట్టుకున్న రెండు చేతులు మాత్రం కనిపించాయి.

"చిన్నోడా, తలకాయేది?" అని అరిచింది పెద్దమ్మ. నాన్న సీటులోంచి నిక్కి చూశాడు. "ఆగు, ఆగు, పోమాక" అని ఆమె లోపలికి వెళ్లి ఒక దిండు తెచ్చింది. పోయిన మనిషి పక్కబట్టలు మావాళ్లు ఇంట్లో ఉంచుకోరు, అన్నీ ఆ రోజే బయట పడేస్తారు. పెదనాన్న దిండు మాత్రం ఆమె ఎవరినీ పడేయనివ్వలేదని నాకు అప్పుడే తెలిసింది. కిటికీలోంచి అందించింది. నాన్న దాన్ని చేతుల్లో పట్టుకుని వదిన మొహం చూశాడు.

"ఏంది చూస్తావు? ఏసుకుని కూర్చో. ముందు రోడ్డు కనపడాల" అంది.

లారీ కదిలి మలుపు తిరిగింది. తెల్లటి సున్నపురాయి దుమ్ము లేచింది. ఆ దుమ్ములో కిటికీ పక్కన, స్టీరింగుకు పైన, నాన్న తల నిలువుగా కనిపించింది. కింద, తలుపు సందులోంచి, దిండు పూల గలీబు కొస ఒకటి బయటికి వచ్చి గాలికి ఊగుతూ పోయింది.